పేగు కాపలా, పరిసరాల విషం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పేగులోని రోగనిరోధక వ్యవస్థ మీద గాలి, నీరు, ఆహారంలోని కాలుష్యాల ప్రభావం గురించి ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు పాఠకులు రాసిన ఉత్తరాలలో నాలుగింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాము. పాఠకుల కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. డయాక్సిన్ అనే విషం మన కణాలలో ఏ ప్రొటీన్‌ను పట్టుకుని హాని చేస్తుందో, ఆ ప్రొటీనే లేకపోతే పేగుకు రక్షణ ఉండదని మా అధ్యాపకులు పాఠంలో చెప్పారు. విషానికి దారి ఇచ్చే ప్రొటీన్‌ను శరీరం ఎందుకు ఉంచుకుంది? ఈ సంగతి తేల్చినవారు ఎవరు, వారు ఆ పనికి ఎలా వచ్చారు?
– ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: మీరు అడిగిన ప్రొటీన్ పేరు ఏరైల్ హైడ్రోకార్బన్ రిసెప్టర్. పరిశోధకులు దీనిని ఏహెచ్ఆర్ అని పిలుస్తారు. 1976లో అమెరికాలో అలన్ పోలండ్, ఆయన సహచరులు చిట్టెలుక కాలేయంలో డయాక్సిన్‌ను చాలా గట్టిగా పట్టుకునే ప్రొటీన్ ఒకటి ఉందని చూపారు. అదే సంవత్సరం జూలై 10న ఇటలీలో సెవెసో అనే ఊరి దగ్గర రసాయన కర్మాగారంలో ప్రమాదం జరిగి, డయాక్సిన్ కలిసిన మేఘం చుట్టుపక్కల ఇళ్ల మీద, పొలాల మీద పడింది. ఆ రోజుల్లో ఈ ప్రొటీన్ గురించి ఆలోచించిన వారిలో ఎక్కువమంది విషశాస్త్రజ్ఞులే కావడంలో ఆశ్చర్యం లేదు. 1992లో దాని జన్యువును వేరు చేసిన తరువాత కూడా చాలాకాలం అది వారి అధ్యయన వస్తువుగానే ఉండిపోయింది.

అయితే మీకు వచ్చిన సందేహమే కొందరికి అప్పుడే వచ్చింది. డయాక్సిన్లు మన పరిసరాలలో పెరిగింది ప్రధానంగా పరిశ్రమల యుగంలో. ఏహెచ్ఆర్ వంశం మాత్రం ఎంతో పురాతనమైనది. పండ్ల ఈగలలోనూ, నేలలోని నులిపురుగులలోనూ దాని బంధువులు ఉన్నాయి, పైగా అవి డయాక్సిన్‌ను పట్టుకోనే పట్టుకోవు. అంటే విషాన్ని పసిగట్టడం దాని మొదటి పని కాకపోవచ్చు. 1987లో స్వీడన్‌లో అగ్నెటా రన్నుగ్ బృందం ఒక ముఖ్యమైన ఆధారం ఇచ్చింది. మనం తినే మాంసకృత్తులలో దాదాపు అన్నిటిలో ఉండే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం మీద వెలుతురు పడినప్పుడు పుట్టే ఒక పదార్థం ఈ ప్రొటీన్‌ను డయాక్సిన్ అంత గట్టిగానూ పట్టుకుంటుందని వారు చూపారు. దానిని ఇప్పుడు ఫిక్జ్ అంటున్నారు.

ఇక్కడికి విషశాస్త్రంతో సంబంధం లేని ఒక ఇమ్యునాలజిస్టు, అంటే రోగనిరోధక వ్యవస్థను అధ్యయనం చేసే శాస్త్రవేత్త, వచ్చారు. బ్రిగిట్టా స్టాకింగర్ జర్మనీకి చెందినవారు. మైన్జ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, స్విట్జర్లాండ్‌లోని బాసెల్ ఇమ్యునాలజీ సంస్థలో పనిచేసి, 1991లో లండన్ మిల్ హిల్‌లో ఉన్న జాతీయ వైద్య పరిశోధన సంస్థలో చేరారు. ఆ సంస్థ తరువాత ఫ్రాన్సిస్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్‌లో కలిసిపోయింది. ఆమె అధ్యయనం చేసినది టీ కణాలను, అంటే మన రక్తంలోనూ కణజాలాలలోనూ తిరుగుతూ శత్రువును గుర్తుపట్టే తెల్ల కణాలను. 2006లో ఆమె ప్రయోగశాల, టీ కణాలలో టీహెచ్17 అనే కొత్త రకం ఏ సంకేతాలతో తయారవుతుందో చూపిన బృందాలలో ఒకటి. ఆ కణాలలో ఏయే జన్యువులు ఎక్కువగా పనిచేస్తున్నాయో వెతుకుతుండగా, వారు ఊహించని చోట ఏహెచ్ఆర్ కనిపించింది. 2008లో ఆ ఫలితం ‘నేచర్’ పత్రికలో వచ్చింది.

అదే సంవత్సరం అదే పత్రికలో హార్వర్డ్ నుంచి మరో బృందం కూడా ఏహెచ్ఆర్ గురించి రాసింది. స్టాకింగర్ బృందం ఫిక్జ్ ఇస్తే చిట్టెలుకలలో మెదడు, వెన్నుపాములకు వచ్చే ఆటోఇమ్యూన్ వ్యాధి (సొంత రోగనిరోధక కణాలే శరీరం మీద దాడి చేసే జబ్బు) ముదిరింది; హార్వర్డ్ బృందం డయాక్సిన్ ఇస్తే అదే వ్యాధి తగ్గింది. ఒకే ప్రొటీన్, ఎదురెదురు ఫలితాలు. ఇటువంటి చోట ఎవరో ఒకరు తప్పు చేశారని తేల్చేయడం సులభం, కాని ఇద్దరూ చూసినది నిజమే. తేడా ఎక్కువగా కాలంలో ఉంది. ఫిక్జ్ ఏహెచ్ఆర్‌ను మేల్కొలిపితే, మేల్కొన్న ఏహెచ్ఆర్ సిప్1ఏ1 అనే ఎంజైమును తయారు చేయిస్తుంది, ఆ ఎంజైము ఫిక్జ్‌ను ముక్కలు చేసేస్తుంది, సంకేతం కొద్ది గంటలలో ఆగిపోతుంది. డయాక్సిన్‌ను ఆ ఎంజైము దాదాపు ఏమీ చేయలేదు. మనిషి శరీరంలోకి చేరిన డయాక్సిన్‌లో సగం పోవడానికి ఏడు నుంచి పదకొండు సంవత్సరాలు పడుతుంది. ఎప్పటికప్పుడు వెలిగి ఆరవలసిన సంకేతం ఆరకుండా ఉండిపోవడమే డయాక్సిన్ విషగుణానికి మూలమని ఈనాటి అవగాహన.

ఈ కథలో నా మనసును ఎక్కువగా పట్టుకున్నది 2009లో వెలువడిన ఒక చిన్న ఫలితం. టీహెచ్17 కణాలు కొన్ని ప్రయోగశాలలలో పుష్కలంగా తయారయ్యేవి, మరికొన్ని చోట్ల సరిగా వచ్చేవి కావు. కణాలను పెంచే పోషక ద్రవాలు వేరువేరుగా ఉండడమే అందుకు కారణమని స్టాకింగర్ బృందం తేల్చింది. ఒక ద్రవంలో ట్రిప్టోఫాన్ వంటి అమైనో ఆమ్లాలు ఎక్కువగా ఉన్నాయి, వాటి నుంచి పుట్టే పదార్థాలు ఏహెచ్ఆర్‌ను మేల్కొలుపుతున్నాయి. అందరూ సీసాలోంచి పోసుకుని పక్కన పెట్టే ద్రవంలోనే జవాబు ఉంది. పరిశోధనలోకి రావాలనుకుంటున్న మీ వంటివారు అటువంటి చోట్ల ఆగి చూడాలని నా గట్టి అభిప్రాయం.

తరువాత దృష్టి పేగు వైపు మళ్లింది. మన జీర్ణనాళం లోపలి తలాన్ని పరిస్తే సుమారు 32 చదరపు మీటర్లు వస్తుందని 2014లో స్వీడన్ పరిశోధకులు లెక్క కట్టారు. పేగులో ఆ తలం మీద ఒకే వరుస కణాలు ఉంటాయి, అవి నాలుగైదు రోజులకు ఒకసారి రాలిపోయి కొత్తవి వస్తాయి, ఆ వరుసలోనే కణాల సందులలో కాపలా టీ కణాలు కూర్చుని ఉంటాయి. స్టాకింగర్ దగ్గర పనిచేసి, తరువాత కేంబ్రిడ్జ్ దగ్గరి బాబ్రహామ్ సంస్థలో సొంత ప్రయోగశాల పెట్టుకున్న మార్క్ వెల్డోన్ బృందం 2011లో, కూరగాయల పదార్థాలేవీ లేని శుద్ధి చేసిన మేత పెట్టిన చిట్టెలుకలలో ఈ కాపలా కణాలు బాగా తగ్గిపోయాయని చూపింది. మేతలో క్యాబేజీ కుటుంబపు కూరగాయల నుంచి వచ్చే ఇండోల్ త్రీ కార్బినాల్ కలిపితే అవి నిలిచాయి. జీర్ణాశయపు ఆమ్లంలో ఆ పదార్థం మారి, ఏహెచ్ఆర్‌ను పట్టుకునే రూపానికి వస్తుంది. 2013లో ఇటలీ పరిశోధకులు మరో వైపు నుంచి వచ్చి, పేగులోని కొన్ని లాక్టోబాసిల్లస్ బాక్టీరియా కూడా ట్రిప్టోఫాన్ నుంచి ఇటువంటి పదార్థాలను తయారు చేసి, పేగు గోడను కాపాడే ఐఎల్22 అనే సంకేతాన్ని పెంచుతాయని చూపారు.

మీ ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. ఏహెచ్ఆర్ అనేది పేగులోకి ఏ ఆహారం వచ్చింది, ఏ బాక్టీరియా ఉన్నాయి అన్న సమాచారాన్ని రోగనిరోధక కణాలకు చేరవేసే ప్రొటీన్. డయాక్సిన్ ఆ పనిని దారి తప్పిస్తుంది. 2017లో స్టాకింగర్ బృందం ఇంకో మెట్టు ఎక్కింది. సిప్1ఏ1 ఎంజైము ఎప్పుడూ ఆగకుండా పనిచేసేలా మార్చిన చిట్టెలుకలలో, ఆహారం నుంచి వచ్చిన సంకేత పదార్థాలు కాపలా కణాలకు చేరకముందే కరిగిపోయి, ఏహెచ్ఆర్ లేనట్టే అయింది. ఆ ఎలుకలు పేగుకు జబ్బు చేసే బాక్టీరియా ఒకదానికి సులభంగా లొంగిపోయాయి. మేతలో ఆ పదార్థాలను పెంచితే కోలుకున్నాయి. 2018లో అదే బృందం, పేగు గోడ మూలకణాలలో ఏహెచ్ఆర్ లేకపోతే గాయం మానే సమయంలో కణాలు అదుపు తప్పి పెరిగి కణితులకు దారి తీస్తాయని చూపింది. టీ కణాలతో మొదలుపెట్టిన శాస్త్రవేత్త విషం మీదుగా, కూరగాయల మీదుగా పేగు మూలకణాల దగ్గరికి వచ్చారు. 2013లో ఆమె రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. ఒకే ప్రశ్నను దశాబ్దాలపాటు వదలకుండా, అది తీసుకుపోయిన చోటికల్లా వెళ్లిన వృత్తిజీవితం ఆమెది.

ప్రశ్న: మా వీధి చివర పాత సామాను కొనేవారు రాగి కోసం కరెంటు వైర్లు కాలుస్తారు. నల్లటి పొగ ఇంట్లోకి వస్తుంది. మా అబ్బాయికి తరచుగా కడుపునొప్పి, విరేచనాలు. ఈ పొగ వల్లనేనా?
– ఒక గృహిణి, రాయగడ

జవాబు: అమ్మా, ముందుగా బాబును వైద్యునికి చూపించండి. తరచుగా విరేచనాలు అయ్యే పిల్లలలో మొదట చూడవలసినవి నీటి నుంచి వచ్చే అంటువ్యాధులు, నులిపురుగులు, పాలు పడకపోవడం వంటివి. పొగ మీద అనుమానం పెట్టుకుని వాటిని వదిలేస్తే బాబుకు అన్యాయం జరుగుతుంది. మలంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయవద్దు. ఒక పిల్లవాడి విరేచనాలకు ఈ పొగే కారణమని చెప్పగల పరీక్ష ఏదీ లేదు.

అయినా ఆ పొగ మీద మీకు కలిగిన భయం న్యాయమైనదే. వైర్ల తొడుగు సాధారణంగా పీవీసీ, దానిలో క్లోరిన్ ఉంటుంది. మండుతున్న క్లోరిన్ ప్లాస్టిక్‌కు రాగి తోడైతే డయాక్సిన్లు పుట్టడం ఇంకా పెరుగుతుంది. ఆరుబయట చేసే మంటలలో వైర్లు కాల్చడం ఈ విషయంలో అతి చెడ్డవాటిలో ఒకటి. మనం పీల్చిన పొగ ఊపిరితిత్తులలోనే ఉండిపోదు. శ్వాసనాళాలలో అంటుకున్న రేణువులను అక్కడి జిగురు పైకి నెట్టి గొంతులోకి తెస్తుంది, మనకు తెలియకుండానే వాటిని మింగుతాం, ఆ విధంగా అవి పేగుకు చేరతాయి. కట్టెల పొయ్యి పొగలో, బీడీ పొగలో ఉండే బెంజోపైరీన్ కూడా పై జవాబులో చెప్పిన ఏహెచ్ఆర్‌ను పట్టుకునేదే.

డయాక్సిన్ విషయంలో పొగ కన్నా ఆహారం పెద్ద దారి. మనుషులకు చేరే డయాక్సిన్‌లో 90 శాతానికి పైగా ఆహారం ద్వారానే, ముఖ్యంగా మాంసం, పాలు, చేపల ద్వారా వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొగలోని రేణువులు గడ్డి మీద పడతాయి, ఆ గడ్డిని పశువులు మేస్తాయి, విషం వాటి కొవ్వులో, పాల వెన్నలో నిలుస్తుంది. కడిగినా కాచినా అది పోదు. అందువల్ల కాల్చే చోటికి దగ్గరలో మేసే ఆవు పాలు, అక్కడే తిరిగే కోళ్ల గుడ్లు పిల్లలకు పెట్టకపోవడం మంచిది. పొయ్యి రాజేయడానికి ప్లాస్టిక్ కవర్లు వాడే అలవాటు ఎవరింట్లో ఉన్నా మానిపించండి.

చట్టం మీ వైపే ఉంది. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని నిషేధిస్తూ జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. మామూలుగా కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చినవారికి 25,000 రూపాయలు పరిహారంగా విధించాలని చెప్పింది. పురపాలక సంఘానికీ, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికీ మీ వీధివారందరూ కలిసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, తేదీ వేసిన ప్రతిని మీ దగ్గర ఉంచుకోండి. ఆ పని చేసేవారు కూడా పొట్టకూటికి చేస్తున్నవారే, పొగ ముందుగా తగిలేది వారి పిల్లలకే. తొడుగును కత్తితో గాని, చిన్న యంత్రంతో గాని ఒలిచి రాగి తీయవచ్చు. కాలని రాగికి ధర కూడా మెరుగ్గా వస్తుంది. ఫిర్యాదుకు ముందు ఆ మాట వారితో చెప్పి చూడమని నా సలహా.

ప్రశ్న: క్యాబేజీ జాతి కూరలు పేగుకు మేలని విన్నాను. మా ఇంట్లో ఆవ పెట్టిన కూరలు, మునగాకు తరచుగా చేస్తాము. ఇవి చాలునా? ఇండోల్ మాత్రలు దుకాణంలో అమ్ముతున్నారు, వాడవచ్చునా?
– ఒక పాఠకుడు, గుణుపూర్

జవాబు: ఆవపిండి ఘాటుకు కారణమైన రసాయనం వేరు, పై ప్రయోగాలలో వాడిన ఇండోల్ వేరు. మునగాకులో కూడా ఇండోల్‌కు మూలమైన తరగతి పదార్థాలు ఉన్నప్పటికీ అవి ఎక్కువగా ఇంకో రకానికి చెందినవి. రెండూ మంచి ఆహారమే, కాని ఈ లెక్కలోకి రావు. ఇండోల్ కావాలంటే క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, చలికాలంలో మన ఒడియా ఇరుగుపొరుగువారు వండుకునే ఆవ ఆకు కూర తినాలి. నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే మేలు చేసే పదార్థంలో చాలా భాగం పోతుంది. కొద్ది నీటితో మగ్గించండి, లేదా ఉడికిన నీటితోనే పులుసు పెట్టండి. చద్దన్నంలో కూడా లాక్టోబాసిల్లస్ జాతి బాక్టీరియా ఉంటాయి, కాని చద్దన్నం తిన్నందువల్లనే మనిషి పేగులో ఏహెచ్ఆర్ పని మెరుగుపడుతుందని నేను చెప్పను.

మాత్రలు వద్దు. నేను ఇంత గట్టిగా చెప్పడానికి రెండు కారణాలు ఉన్నాయి. కాన్సర్ కలిగించే పదార్థానికి గురైన ట్రౌట్ చేపలకు ఆ తరువాత ఇండోల్ త్రీ కార్బినాల్ మేతలో ఇస్తే కణితులు పెరిగాయి; ఎప్పుడు, ఎంత ఇచ్చారన్న దాన్ని బట్టి ఫలితం తలకిందులవుతుంది. రెండవది, ఈ ప్రొటీన్ విషయంలో ఒక జంతువు ఫలితాన్ని మరో జంతువుకు అంటగట్టకూడదు. డయాక్సిన్ గినీ పందిని కిలో బరువుకు సుమారు ఒక మైక్రోగ్రాముతో చంపుతుంది, హామ్‌స్టర్‌ను చంపడానికి వెయ్యి రెట్లకు పైగా కావాలి. మనిషి ఏహెచ్ఆర్ డయాక్సిన్‌ను ప్రయోగశాల చిట్టెలుక ఏహెచ్ఆర్ కన్నా సుమారు పది రెట్లు బలహీనంగా పట్టుకుంటుంది. చిట్టెలుక ప్రయోగాన్ని చూపి మాత్రలు అమ్మేవారు ఈ తేడాలను చెప్పరు.

ప్రశ్న: మా మనవరాలు బరంపురంలో లైఫ్ సైన్సెస్ ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో ఉంది. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివింది. కాలుష్యానికీ పేగు రోగనిరోధక శక్తికీ ఉన్న సంబంధం మీదనే పరిశోధన చేస్తానంటోంది. డబ్బున్నవాళ్ల పిల్లలకే ఇది సాధ్యమని బంధువులు అంటున్నారు. మీరేమంటారు?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బరంపురం

జవాబు: మాస్టారూ, బంధువుల మాట వినవద్దు. మన దేశంలో డాక్టరేట్ పరిశోధనకు ఎంపికైన విద్యార్థికి ప్రభుత్వమే ఫెలోషిప్ ఇస్తుంది. సి.ఎస్.ఐ.ఆర్.–యు.జి.సి. నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండు సంవత్సరాలు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 రూపాయలు, వాటికి అదనంగా ఇంటి అద్దె భత్యం లభిస్తాయి. 2023 జనవరి నుంచి అమలులో ఉన్న రేట్లు ఇవి. బయోటెక్నాలజీ శాఖ, భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.) కూడా వేరుగా ఫెలోషిప్‌లు ఇస్తాయి. మహిళలకు వయోపరిమితిలో సడలింపు ఉంది. తెలుగు మాధ్యమం అడ్డు కాదు, కాని పరిశోధన పత్రాలు ఇంగ్లీషులోనే ఉంటాయి కనుక ఇప్పటి నుంచే వారానికి ఒక పత్రాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చివరి వరకు చదివే అలవాటు చేయించండి. చదివిన దానిని ఆమె మీకు తెలుగులో వివరించాలి. మీరు ఉపాధ్యాయులు, అర్థం కాని చోట ఆపి అడుగుతారు. ఆమెకు అంతకన్నా మంచి సాధన నాకు తెలియదు.

ఎక్కడ చేయాలన్న దానికి ఇల్లు విడిచి ఎంతో దూరం పోనక్కరలేదు. బరంపురంలోనే కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఉంది. భువనేశ్వర్‌లో జీవశాస్త్ర సంస్థ ఐ.ఎల్.ఎస్., నైసర్, ఐ.సి.ఎం.ఆర్. ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ, సి.సి.ఎం.బి. ఉన్నాయి. విషశాస్త్రానికి లక్నోలోని ఐ.ఐ.టి.ఆర్., పరిసరాల ఆరోగ్యానికి భోపాల్‌లోని ఐ.సి.ఎం.ఆర్. సంస్థ, పిల్లల పేగు వ్యాధులకు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల పేరు పొందినవి. తిరువనంతపురంలోని నీస్ట్‌లో డయాక్సిన్లను కొలిచే ప్రయోగశాల ఉంది. సంస్థ పేరు కన్నా మార్గదర్శి ఎవరన్నది ముఖ్యం. ఆయన లేదా ఆమె దగ్గర ఇప్పుడు చదువుతున్న విద్యార్థులతో మాట్లాడకుండా చేరవద్దని చెప్పండి.

ఈ రంగం రెండు విద్యల కూడలి. ఇమ్యునాలజీ తెలిసినవారికి కాలుష్య పదార్థాన్ని కొలవడం రాదు, కొలిచేవారికి టీ కణాల సంగతి తెలియదు. రెండూ వచ్చినవారు తక్కువ. కణాలను రకాలుగా వేరు చేసే ఫ్లో సైటోమెట్రీ, పదార్థాలను గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ, వీటన్నిటికన్నా ముందు గణాంకశాస్త్రం నేర్చుకోవాలి. చాలామంది ఆఖరు దానిని చివరికి నెట్టివేసి తరువాత ఇబ్బంది పడతారు.

మన ప్రాంతం నుంచే పుట్టవలసిన ప్రశ్నలు ఉన్నాయని ఆమెకు చెప్పండి. రోటావైరస్ టీకాను దేశంలో మొదట 2016లో నాలుగు రాష్ట్రాలలో ప్రవేశపెట్టారు; వాటిలో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. మన దేశంలో జరిగిన పరీక్షలలో భారతీయ టీకా రోటావైరస్ వల్ల వచ్చే తీవ్రమైన విరేచనాలను సుమారు 56 శాతం మేర ఆపింది, ధనిక దేశాలలో ఇటువంటి టీకాలు 85 శాతానికి పైగా ఆపుతున్నాయి. నోటి ద్వారా ఇచ్చే టీకా పేగులోనే పనిచేయాలి కనుక, పోషకాహార లోపం, మాటిమాటికీ వచ్చే అంటువ్యాధులు, పేగులో ఇతర సూక్ష్మజీవుల రద్దీ దీనికి కారణాలని పరిశోధకులు చాలాకాలంగా చూస్తున్నారు. కాలుష్యం వాటా ఎంత? అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవులలో ఫిలిప్ గ్రాన్‌జాఁ బృందం, నీరు, నూనె అంటని పూతలలో వాడే ఫ్లోరిన్ రసాయనాలు అయిదేళ్ల వయసులో రక్తంలో రెట్టింపు ఉన్న పిల్లలలో, ఏడేళ్ల వయసుకు టెటనస్, డిఫ్తీరియా టీకాల యాంటీబాడీలు మొత్తం మీద 49 శాతం తక్కువగా ఉన్నాయని 2012లో ప్రచురించింది. అది సూది టీకా, అక్కడి పిల్లలది వేరే జీవితం. కట్టెల పొయ్యి పొగలో, కాల్చిన చెత్త పక్కన, గని దుమ్ములో పెరిగే రాయగడ, కోరాపుట్ పిల్లల పేగు నోటి టీకాకు ఎలా స్పందిస్తుందన్నది ఇక్కడి ఊళ్లలో తిరిగి, ఇక్కడి తల్లులతో వారి భాషలో మాట్లాడి, అనుమతి తీసుకుని, కొలిచి చెప్పవలసిన సంగతి. తెలుగు, ఒడియా రెండూ వచ్చిన అమ్మాయికి, అక్కడి కొంధు గిరిజనుల కువి భాష కూడా కొంత నేర్చుకోగలిగితే, ఆ తల్లులు ఇచ్చే నమ్మకం బయటి నుంచి వచ్చిన ఏ పరిశోధకుడికీ సులభంగా దొరకదు.

ఇప్పుడు చేయవలసిన పని ఒకటి ఉంది. దేశంలోని మూడు విజ్ఞానశాస్త్ర అకాడమీలు కలిసి ప్రతి వేసవిలో విద్యార్థులను రెండు నెలలపాటు శాస్త్రవేత్తల ప్రయోగశాలలకు భృతి ఇచ్చి పంపుతాయి. దరఖాస్తులు ముందు సంవత్సరం చివరి నెలలలోనే తీసుకుంటారు, ఒక అధ్యాపకుని సిఫారసు లేఖ కావాలి. దానికి ఆమె చేత దరఖాస్తు పెట్టించండి. రోజుకు పది గంటలు పిపెట్ పట్టుకుని, పొద్దున పెట్టిన ప్రయోగం సాయంత్రానికి విఫలమైతే మరునాడు మళ్లీ పెట్టడం తనకు ఇష్టమో కాదో ఆ రెండు నెలల్లో ఆమెకే తెలుస్తుంది. ఇష్టమని తేలితే, నెట్ పరీక్ష సంవత్సరానికి రెండుసార్లు జరుగుతుంది కాబట్టి, ఎమ్మెస్సీ రెండవ సంవత్సరంలోనే మొదటి ప్రయత్నం చేయవచ్చు.